మిషను కాళ్ళ మీద నిలిచిన బల్ల

కాలితో తొక్కే పాత కుట్టుమిషను స్టాండును ఒకసారి నేలమీద తలకిందులుగా పెట్టి చూడాలి. పైన చెక్క, చెక్క మీద మిషను, మిషను ముందు మనిషి ఉన్నన్నాళ్ళూ కంటికి ఆనని పనితనం అప్పుడు బయటపడుతుంది. రెండు పక్కలా రెండు ఇనుప చట్రాలు. వెనకవైపు వాటిని కలిపి పట్టుకునే అడ్డపట్టీ. కింద పాదాలు ఆనించే తొక్కుడు పలక. కుడిచేతివైపు అడుగు పైచిలుకు వెడల్పున్న చక్రం. పలక ఊపును చక్రానికి అందించే సన్నటి కడ్డీ. ముఖ్యమైనవి ఇవే. ఎక్కడా కాల్చి అతికిన అతుకు కనబడదు. పోతపోసిన ముక్కల్ని బోల్టులతో, మరలతో బిగించారు. విప్పదీసి, కట్టగట్టి బస్సు మీద వేసుకెళ్ళి ఇంకో ఊళ్ళో బిగించుకుంటే మళ్ళీ అదే స్టాండు.

ఈ స్టాండ్లు ఇప్పుడు మిషన్లకు దూరమై బల్లలవుతున్నాయి. పిల్లలు చదువుకునే బల్ల, కాఫీ హోటల్లో ఇద్దరు ఎదురెదురుగా కూర్చునే బల్ల, భోజనాల గది మూల చేతులు కడుక్కునే బేసిన్ కింద పీఠం. వీటిలో కొన్నిటిని చూస్తే ముచ్చటేస్తుంది, కొన్నిటిని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ముచ్చటేసిన వాటన్నిట్లోనూ నాకు ఒకటే కనబడింది. అక్కడ స్టాండు తనకు తెలిసిన పనే చేస్తోంది. బరువు మోస్తోంది, అటూ ఇటూ ఊగకుండా నిలబడుతోంది, తొక్కితే చక్రం తిరుగుతోంది. బల్ల చేసినవాడు ముందు ఆ ఇనుము సంగతి తెలుసుకుని, ఆ తర్వాతే చెక్క మీద చెయ్యి వేశాడు.

ఇనుము సంగతంటే పోత సంగతి. పోత ఇనుమును మన ఊళ్ళలో బీడు అంటాం. అందులో కర్బనం సుమారు మూడు శాతం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటుంది. చల్లారేటప్పుడు ఆ కర్బనం గ్రాఫైటు రేకులుగా విడిపోయి ఇనుములో అల్లుకుంటుంది. విరిగినచోట బూడిదరంగు కనబడేది అందుకే. పైనుంచి ఎంత బరువు పెట్టినా బీడు ఓర్చుకుంటుంది. వంచబోతే, లాగబోతే, ఎత్తు నుంచి జారవిడిస్తే మాత్రం సొట్టపడదు, పుటుక్కున విరుగుతుంది. ఈ గుణం తెలిసినవాళ్ళు గీసిన గీత కాబట్టే స్టాండు పక్కచట్రం ఆ ఆకారంలో ఉంది. బరువు తిన్నగా కిందికి దిగడానికి కాళ్ళు, కాళ్ళు విచ్చుకుపోకుండా వాటి మధ్య అడ్డంగా, ఏటవాలుగా సాగిన తీగలు. మనం పువ్వు అనుకునే చోట నాలుగు తీగలు కలుస్తాయి. మనం లత అనుకునేది ఒక మూల నుంచి ఇంకో మూలకు బరువును చేరవేస్తోంది.

ఒక తీగను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని కింది నుంచి పైకి తడిమితే ఇంకో సంగతి తెలుస్తుంది. తీగ నడుమ మందంగా ఉండి రెండు ముఖాల వైపూ కాస్త కాస్త సన్నబడుతుంది. పోత పనిలో చెక్కతోనో లోహంతోనో చేసిన నమూనాను తడి ఇసుకలో ఒత్తి, పైకి తీసి, ఆ ఖాళీలో కరిగిన ఇనుము పోస్తారు. నమూనా అంచులు నిట్టనిలువుగా ఉంటే పైకి తీసేటప్పుడు ఇసుక రాలిపోతుంది. అందుకని ప్రతి అంచూ ఏటవాలుగా ఉండాలి. ఇసుక పెట్టె పై సగం, కింది సగం కలిసినచోట తీగ పొడవునా సన్నటి గీత కూడా గోటికి తగులుతుంది. తీగలన్నీ దాదాపు ఒకే మందంలో ఉండటం కూడా ఏదో అందం కోసం చేసింది కాదు. పలచనిచోట ఇనుము ముందు గట్టిపడి, మందమైనచోట ఆలస్యంగా గట్టిపడితే లోపల బిగువు పుట్టి పగులుతుంది. తీగ తీగను కలిసే మూలలు కోసుగా కాక గుండ్రంగా తిరగడానికి కారణం కూడా అదే. అంత పొడవు, అన్ని వంపులు ఉన్న సన్నటి దారుల్లో కరిగిన ఇనుము మధ్యలో గడ్డకట్టకుండా చివరిదాకా పరుగెత్తాలి. పూర్తిగా నిండిన ఒక పక్కచట్రాన్ని చూసినప్పుడల్లా, ఆ పోత పోసిన చేతులకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇంత అందం ఒక పనిముట్టుకు ఎందుకంటే, అది ఇంటి ముందుగదిలో నిలబడాలి. ఐజాక్ సింగర్ 1851లో అమెరికాలో పేటెంటు పొందిన మిషనుకు ఇలాంటి స్టాండు లేదు. మిషనును సర్ది పంపిన చెక్కపెట్టెనే బల్లగా నిలబెట్టి, దానికే తొక్కుడు పలక అమర్చేవారు. అంటే కుట్టుమిషను కింద బల్ల పుట్టుకే ఒక పాత పెట్టెను కొత్త పనికి వాడుకోవడంతో మొదలైంది. తర్వాత మిషను దర్జీ కొట్టు దాటి ఇళ్ళకు వెళ్ళాలనుకున్నప్పుడు రూపం మారింది. సింగర్ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ 1856లో వాయిదాల పద్ధతి తెచ్చాక మధ్యతరగతి ఇళ్ళు కొనగలిగాయి. కొన్న ఇల్లాలు దాన్ని వరండాలో దాచదు, నలుగురూ కూర్చునేచోట పెడుతుంది. కాబట్టి కాళ్ళకు పూలు వచ్చాయి, వెనక అడ్డపట్టీలో కంపెనీ పేరు ఇనుప అక్షరాలై నిలిచింది. పెద్ద చక్రం పక్కన వంపు తిరిగిన ఇనుప అడ్డు ఒకటుంటుంది. గౌను అంచు చక్రంలోనూ బెల్టులోనూ పడకుండా పెట్టింది అది. మన దేశానికి వచ్చాక అదే అడ్డు చీర కుచ్చిళ్ళను కాపాడింది.

స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్‌లో సింగర్ కంపెనీ కట్టిన ఫ్యాక్టరీ 1885లో మొదలై 1980లో మూతపడింది. మన దగ్గర తిరుగుతున్న పాత సింగర్లలో అక్కడ పుట్టినవి చాలా ఉన్నాయి. 1930ల్లో కలకత్తాలోని జై ఇంజనీరింగ్ వర్క్స్ నుంచి ఉషా వచ్చింది. లూధియానా కార్ఖానాలు మిషన్లనూ విడిభాగాలనూ దేశమంతటికీ పంపాయి. తెలుగునాట మేర కుటుంబాల కొట్లలో, జాకెట్లు కుట్టి పిల్లల్ని చదివించుకున్న ఇళ్ళలో ఈ స్టాండు ఎన్ని కాళ్ళ ఊపు తిన్నదో లెక్క కట్టలేం. ఇప్పుడు చిన్న మోటారు వచ్చి మిషనుకే అతుక్కుంది. తొక్కే పని పోయాక స్టాండు గోడ పక్కకు జరిగి, అక్కణ్ణుంచి పాత సామాను కొట్టుకు చేరింది. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆదివారం సంతకో, జుమేరాత్ బజారుకో వెళ్తే అక్కడ కనబడుతుంది. బల్ల చేసుకునేవాడి కంట పడకపోతే అది బీడు తూకానికి పోతుంది. ముక్కలై, కొలిమిలో కరిగి, ఏ పంపు బాడీగానో మ్యాన్‌హోల్ మూతగానో తేలుతుంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. నడుస్తున్న మిషను కింది నుంచి స్టాండు లాగేయడం నాకు నచ్చని పని. కరెంటు నిలకడగా లేని ఊళ్ళో, మోటారు కొనే స్తోమత లేని ఇంట్లో ఆ తొక్కుడు పలక ఇంకా బతుకుతెరువు. బల్లకు కావాల్సింది తల పోయిన స్టాండు, తలతో తెగతెంపులైన స్టాండు. అలాంటివి కావలసినన్ని ఉన్నాయి. తల పోయిందంటే స్టాండు వయసు కూడా పోయినట్టే. సింగర్ క్రమసంఖ్య మిషను తలమీదే ఉంటుంది కాబట్టి, ఒట్టి స్టాండును చూపించి ఇది ఫలానా ఏడాదిదని గట్టిగా చెప్పే అమ్మకందారుణ్ణి నమ్మనక్కర్లేదు.

కొనేటప్పుడు చూడాల్సింది తుప్పు కాదు, పగులు. తుప్పు పోతుంది. పగులు రంగు కింద దాక్కుంటుంది. చట్రాన్ని నేలకు ఆనకుండా ఒక చేత్తో వేలాడదీసి, చిన్న సుత్తితో కాళ్ళ మీద, తీగల మీద మెల్లగా కొట్టాలి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి విన్నట్టే వినాలి. బాగున్న బీడు ఖణేల్మని సాగదీసి మోగుతుంది, పగిలినది బొంగురుగా పలికి ఆగిపోతుంది. విరిగిన తీగను మామూలు వెల్డింగు కడ్డీతో అతికిస్తే అతుకు పక్కనే ఇనుము పెళుసెక్కి మళ్ళీ విరుగుతుంది. దీనికి నికెల్ కడ్డీ వాడాలి, ముక్కను ముందు వేడిచేయాలి, అతికాక బూడిదలోనో పొడి ఇసుకలోనో కప్పిపెట్టి నెమ్మదిగా చల్లారనివ్వాలి. ఇత్తడి అతుకు తెలిసినవాడు దొరికితే ఇంకా మేలు. ఇదంతా తెలియని దుకాణానికి ఇవ్వడం కంటే, వెనకవైపు చిన్న ఇనుప పట్టీ వేసి రెండు మరలతో బిగించుకోవడం నయం.

తుప్పు తీసే పనిలో తొందర పనికిరాదు. గట్టిపడి జిగురైన పాతనూనెకు కిరసనాయిలు, తుప్పుకు తీగల బ్రష్షు, ఆ తర్వాత ఎమ్రీ కాగితం. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడి రేగేలా గ్రైండరు పెట్టకూడదు. తడి కాగితంతో రుద్దాలి, ముక్కుకు గుడ్డ కాదు, మాస్కు కట్టుకోవాలి, పిల్లల్ని దూరంగా ఉంచాలి. శుభ్రమైన ఇనుము మీద రెడ్ ఆక్సైడు ఒక పూత, దానిమీద మెరుపు తక్కువున్న నల్ల ఎనామిల్ పలచగా రెండు పూతలు. మందంగా పూస్తే అక్షరాల అంచులు పూడిపోతాయి. కొందరు పువ్వులకు బంగారు రంగు, తీగలకు ఆకుపచ్చ వేస్తున్నారు. ఆ పోత ఒకే రంగులో ఉన్నప్పుడే దాని వంపుల మీద వెలుగూ నీడా ఆడతాయి. రంగులు పంచితే చట్రం ముక్కచెక్కలైనట్టు కనబడుతుంది. నా మటుకు నాకు నలుపే దాని రంగు.

తెనాలిలో ఒక ఇంట చూసిన చదువుబల్లను గురించి వివరంగా చెప్పాలి. స్టాండు సింగర్‌ది. పైచెక్క పాత ఇంటి ద్వారబంధం టేకు. మూడు చెక్కల్ని పక్కపక్కన జోడించి మూడడుగుల పొడవు, అడుగున్నర పైచిలుకు వెడల్పు పలక చేశారు. మేకు దిగిన పాత బెజ్జాలను టేకు ముక్కలతోనే పూడ్చారు, ఎక్కడా పుట్టీ లేదు. మందం అంగుళంపావు ఉంటుంది. బల్ల ముందు నిలబడితే ముప్పావు అంగుళమే అనిపిస్తుంది, ఎందుకంటే కింది అంచును చుట్టూ ఏటవాలుగా చిత్రిక పట్టారు. జాలీలాంటి ఇనుము మీద మొద్దు పలక పెడితే కాళ్ళు బక్కచిక్కినట్టు కనబడతాయని ఆ వడ్రంగికి తెలుసు. ఎత్తు గురించి ఆయన తల పట్టుకోవాల్సిన పనే పడలేదు. స్టాండు ఒంటి ఎత్తు సుమారు 28 అంగుళాలు. దానికి పలక మందం కలిపితే 29 దాటుతుంది. కుర్చీలో కూర్చుని రాసుకునే బల్లకు కావాల్సింది అంతే. కుట్టేవాళ్ళు గంటలకొద్దీ చేతులు ఆనించి కూర్చున్న ఎత్తే రాసేవాళ్ళకూ సరిపోవడంలో వింతేముంది!

అసలు పనితనం పలక కింద ఉంది. ఇంటివారి అనుమతితో నేలమీద వెల్లకిలా పడుకుని చూశాను. పక్కచట్రాల పైకొసల్లో చెక్కను బిగించడానికి రెండేసి చెవులుంటాయి. వడ్రంగి ఆ చెవుల బెజ్జాలను పెద్దవి చేయలేదు, కొత్తగా ఒక్క బెజ్జమూ వేయలేదు. ప్రతి చెవికీ ఒక చిన్న ఇనుప పట్టీని పాత బెజ్జంలోంచే బోల్టుతో బిగించి, ఆ పట్టీలను చెక్కకు మరలతో పట్టించాడు. ముందువైపు రెండు పట్టీల్లో బెజ్జాలు గుండ్రంగా ఉన్నాయి. వెనకవైపు రెండింటిలో మాత్రం బెజ్జం పొడుగ్గా, ముందు నుంచి వెనక్కి సాగి ఉంది. అందులోని మర పూర్తిగా బిగించి లేదు, వాషరు కింద కాస్త జారగలదు.

ఎందుకంటే ఇనుము కదలదు, చెక్క కదులుతుంది. చెక్క పొడవునా దాదాపు మారదు గాని, అడ్డంగా వానాకాలం తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలం ఆరి కుంచించుకుంటుంది. అంత వెడల్పు టేకు పలక ఏడాదిలో మూడు నాలుగు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. నాలుగు మూలలా బిగించేస్తే పలకకు పోయే దారి ఉండదు. రోహిణీ కార్తెలో జోడింపు దగ్గర నోరు తెరుస్తుంది. ఇక్కడ ముందు అంచు స్థిరంగా ఉంటుంది, కదలికంతా వెనక్కి, గోడవైపు పోతుంది. గోడకూ బల్లకూ మధ్య వేలు పట్టేంత సందు వదిలిందీ అందుకే. పైనుంచి చూసేవాళ్ళకు ఇదేమీ తెలియదు. పలక నున్నగా, జోడింపు గీత వెతికినా దొరకకుండా ఉంది. లక్కపాలిష్ కింద టేకు తేనెరంగు తేలింది.

తొక్కుడు పలకను ఆయన సరిచేసిన తీరు ఇంకా ముచ్చట. ఆ పలక రెండు పక్కలా మొనదేలిన రెండు మరల మధ్య వేలాడుతుంది. మర మొన పలకలోని గుంటలో కూర్చుంటుంది, బయటివైపు ఒక నట్టు దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. మర వదులైతే పలక టకటకలాడుతుంది, బిగిస్తే ఊగనని మొరాయిస్తుంది. నట్టు వదులు చేసి, మరను మొన ఆనేదాకా తిప్పి, ఆపైన ఇసుమంత వెనక్కి తిప్పి, మరను అక్కడే పట్టుకుని నట్టు బిగించాలి. నట్టు బిగించేటప్పుడు మర కూడా తిరిగిపోతుంది కాబట్టి మళ్ళీ మొదటికి రావాల్సిందే. కడ్డీ రెండు కొసల దగ్గరా, చక్రం ఇరుసు దగ్గరా కూడా ఇంతే ఓపిక కావాలి. ఆ బల్లకు పలకను ఒక్కసారి తొక్కి వదిలితే చక్రం చప్పుడు లేకుండా తిరిగి తిరిగి తనంతట తాను నిలిచింది. లెక్కలు చేసుకునే పిల్లవాడు ఆలోచిస్తూ దాన్ని ఊపుతుంటాడట. వాడికి ఆ బల్లంటే ఎందుకంత ఇష్టమో వేరే చెప్పాలా?

అయితే నడిచే పిల్లలు, పాకే పిల్లలు ఉన్న ఇంట్లో ఈ ఊపు ప్రమాదం. కడ్డీకీ చక్రానికీ మధ్య లేత వేళ్ళు నలుగుతాయి. అలాంటి ఇళ్ళకు కడ్డీని విప్పి దాచిపెట్టడమో, చక్రాన్ని చట్రానికి తోలుపట్టీతో కట్టేయడమో చేయాలి. పలకను చట్రానికి వెల్డింగు చేయడం ఎన్నోచోట్ల చూశాను. అది చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. తాత్కాలిక అవసరానికి శాశ్వతంగా కట్టేయడం దేనికి? పిల్లలు పెద్దవుతారు.

రాతి పలకల సంగతికొస్తే లెక్క ముఖ్యం. చీమకుర్తి గ్రానైటు నల్లటి పోత మీద ఎంతో బాగుంటుంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక 40 కిలోలు దాటుతుంది. ఆ బరువు మోయడం బీడుకు కష్టమేమీ కాదు. ఇబ్బంది వెడల్పుతో. స్టాండు కాళ్ళు ముందు నుంచి వెనక్కి అడుగున్నర లోపే పరుచుకుంటాయి. దానిమీద రెండడుగులు మించిన పలక వేసి, ముందు అంచు మీద ఎవరైనా మోచేతులు మోపి లేచారంటే బల్ల ముందుకు ఒరుగుతుంది. అందుకే రాయికి రెండడుగులే హద్దు అంటాను. కాళ్ళ కింది చిన్న చక్రాలు కూడా తీసేయాలి. రాయికీ ఇనుముకూ నడుమ పలచటి రబ్బరు బిళ్ళలు వేస్తే నేల ఎగుడుదిగుడు రాతిమీద పడదు.

బేసిన్ కింద స్టాండును వాడేవారికి నా సలహా ఒకటే, నీళ్ళను ఇనుము దాకా రానివ్వకండి. గొట్టం పోయే దారి కోసం చక్రం కోసేసినవి, అడ్డపట్టీ విరగ్గొట్టినవి ఉన్నాయి. చక్రం కుడివైపు ఉంటుంది కాబట్టి గిన్నెను కాస్త ఎడమకు జరిపితే గొట్టం గోడలోకి నేరుగా పోతుంది, ఏదీ కోయనక్కర్లేదు. రాతి పలక కింది అంచున చుట్టూ సన్నటి గాడి కొట్టిస్తే కారిన నీళ్ళు అక్కడే బొట్టై రాలతాయి, ఇనుము మీదికి పాకవు.

ఆరుగురు కూర్చునే భోజనబల్ల కావాలంటే రెండు స్టాండ్లు పూర్తిగా వాడాలి. పొదుపు కోసం ఒకే స్టాండును రెండుగా విడదీసి, పక్కచట్రాల్ని ఆ కొసనొకటి ఈ కొసనొకటి పెట్టి, పైన పొడుగు పలక వేస్తారు. ఫొటోలో బాగుంటుంది. చెయ్యి ఆనిస్తే పడవలా ఊగుతుంది. వెనక ఉన్న అడ్డపట్టీ కేవలం పేరు రాసుకోవడానికి పెట్టింది కాదు. ఏటవాలు చేతులతో రెండు చట్రాల్నీ నాలుగుచోట్ల పట్టుకుని, పక్కకు ఒరగకుండా ఆపేది అదే. దాన్ని తీసేస్తే ఆ పని ఇంకొకరికి అప్పగించాలి. ఏటవాలు బిగింపులున్న గట్టి చెక్క దూలం ఒకటి చట్రాల మధ్య రావాలి. అది పెట్టిన బల్లలు చాలా అరుదు.

స్టాండుతోపాటు వచ్చే తక్కినవాటిని కూడా పారేయకూడదు. పాత పైచెక్క పక్కలనుండే సొరుగులు మసాలా డబ్బాలకో ఉత్తరాలకో గోడ అరలవుతాయి. మిషను తల ఎంత పాడైనా, మరమ్మతు చేసేవాళ్ళు దాన్ని వద్దనరు. బాబిన్ కేసు, షటిల్, పాదం, బిగింపు మర, పై చక్రం, అన్నీ ఇంకో మిషనుకు పనికొస్తాయి. పాత సింగర్ భాగాలు కొత్తగా దొరకడం కష్టమవుతున్నకొద్దీ వాటికి గిరాకీ పెరుగుతోంది. తెనాలి బల్ల తాలూకు తల అలాగే ఒక దర్జీ కొట్టుకు పోయింది. పాత తోలుబెల్టును మాత్రం ఇంటివాళ్ళు చుట్టచుట్టి ఎడమ సొరుగులో దాచుకున్నారు.